కుటుంబ ప్రార్థనలో పిల్లలు కూర్చోవడం లేదు, ఇంట్లో వాక్యం ఎలా నేర్పాలి?

ప్రభువు నామమున వందనాలు, సహోదరి గారూ.

మీరు రాసినదాన్ని నేను ఇలా అర్థం చేసుకున్నాను. మీకు తొమ్మిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప ఉన్నారు. రాత్రి తొమ్మిదింటికి కుటుంబ ప్రార్థనకు కూర్చోబెడితే పాప నిద్రపోతోంది, బాబు గడియారం వైపు చూస్తున్నాడు. మీ వారికి రాత్రి షిఫ్టు కావడం వల్ల నలుగురూ ఒకచోట ఉండేది శనివారం సాయంత్రం, ఆదివారం మాత్రమే. సండే స్కూల్లో చెప్పిన కంఠత వాక్యం బుధవారానికే మరుగున పడుతోంది. ఇంటి పనులతో, చిన్న చిన్న ఆటలతో విశ్వాసం నేర్పవచ్చా, అలా చేస్తే వాక్యాన్ని తేలిక చేసినట్టు అవుతుందా అన్నది మీ సందేహం.

నేర్పవచ్చు. వాక్యాన్ని తేలిక చేసినట్టు కాదు. పైగా వాక్యం తనంతట తాను ఎంచుకున్న పద్ధతి అదేనని ముప్పై ఏళ్లకు పైగా సండే స్కూలు చెప్పిన తర్వాత, ముగ్గురు పిల్లలను పెంచిన తర్వాత నాకు గట్టిగా అనిపిస్తోంది. అయితే ఒక క్రమం పాటించాలి. ముందు ఇంట్లో ఒక పని జరగాలి, ఆ పని చూసి పిల్లవాడు ప్రశ్న అడగాలి, ఆ ప్రశ్నకు జవాబుగా మాత్రమే మీరు వాక్యం చెప్పాలి. మనలో చాలామందిమి దీన్ని తలకిందులుగా చేస్తాం. ముందు వాక్యం చదివి, తర్వాత వివరించి, చివర పిల్లలను మనమే ప్రశ్నలు అడుగుతాం. అప్పుడు అది పరీక్ష అవుతుంది, పరీక్ష ఎప్పుడు ముగుస్తుందా అని ఏ పిల్లవాడైనా గడియారం చూస్తాడు.

ఇది నేను కల్పించిన పద్ధతి కాదు. నిర్గమకాండము 12వ అధ్యాయంలో, ఐగుప్తు నుండి విడుదలను గుర్తుచేసే పస్కా పండుగను ఎలా ఆచరించాలో చెప్పిన చోట గొర్రెపిల్ల, పులియని రొట్టెలు, చేదు కూరలు, చెప్పులు తొడుక్కుని త్వరపడుతూ తినడం ఇవన్నీ చెప్పిన తర్వాత, 26వ వచనంలో మీ పిల్లలు ఈ ఆచారమేమిటని అడిగినప్పుడు ఇలా చెప్పండి అని ఉంటుంది. యెహోషువ 4వ అధ్యాయంలో యొర్దాను నది మధ్యనుండి పన్నెండు రాళ్లు ఎత్తించి గిల్గాలులో నిలబెట్టించిన కారణం కూడా అదే, రేపు మీ పిల్లలు ఈ రాళ్లు ఎందుకని అడుగుతారు, అప్పుడు చెప్పండి అని. రెండు చోట్లా అడిగేది బిడ్డ, జవాబు చెప్పేది తండ్రి. ద్వితీయోపదేశకాండము 6:7 మీకు తెలిసిందే, "నీ యింట కూర్చుండునప్పుడును త్రోవను నడుచునప్పుడును పండుకొనునప్పుడును లేచునప్పుడును వాటినిగూర్చి మాటలాడవలెను." ఈ నాలుగింటిలో తరగతి గది ఒక్కటీ లేదు.

నేను గుంటూరు ప్రాంతపు లూథరన్ కుటుంబంలో పుట్టినదాన్ని కాబట్టి ఒక మాట చేర్చాలనిపిస్తోంది. మా సంఘానికి మూలపురుషుడైన మార్టిన్ లూథరు 1529లో చిన్న ప్రశ్నోత్తరిని, అంటే విశ్వాసాన్ని ప్రశ్న జవాబులుగా నేర్పే పుస్తకాన్ని రాసినప్పుడు దానిని పాదిరి చేతికి మాత్రమే ఇవ్వలేదు. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన, ఇలా ప్రతి భాగం మీదా కుటుంబ యజమాని దీనిని తన ఇంటివారికి సులభంగా ఎలా నేర్పాలో ఇది అని రాశాడు. ఆ పుస్తకంలో మళ్లీ మళ్లీ వచ్చేది "దీని అర్థమేమి?" అన్న ప్రశ్న. మా చిన్నతనంలో ఆ ప్రశ్నను పెద్దలు అడిగితే మేము చేతులు కట్టుకుని జవాబు అప్పజెప్పేవాళ్లం. జవాబులు నేటికీ నోటికి వస్తాయి, అందుకు నేను కృతజ్ఞురాలిని. కానీ ఆ ప్రశ్నను అడిగే అవకాశం మాకు ఎవరూ ఇవ్వలేదని నాకు పిల్లలు పుట్టిన తర్వాతే తెలిసింది.

సండే స్కూలు మీద భారమంతా వేయవద్దని కూడా ఇందుకే చెబుతాను. ఇంగ్లండులోని గ్లోస్టర్ పట్టణంలో రాబర్ట్ రైక్స్ 1780లో ఆదివారపు బడి పెట్టింది వారమంతా పనిచేసే పేద పిల్లలకు చదవడం నేర్పడానికి. ఇంట్లో తల్లిదండ్రులు చేయవలసినదాన్ని తీసుకోవడానికి కాదు. వారానికి 168 గంటలు ఉంటే మా చేతిలో మీ పిల్లలు ఉండేది ఒక గంట, అందులో పావుగంట హాజరుకు, చందాకు పోతుంది.

ఇక మా ఇంట్లో నిజంగా పనికివచ్చిన వాటిని చెబుతాను.

మొదటిది పోయిన నాణెం. లూకా 15:8లోని స్త్రీ పది వెండి నాణెములలో ఒకటి పోగొట్టుకుని, దీపము వెలిగించి, ఇల్లు ఊడ్చి, దొరికే వరకు వెదుకుతుంది. మా పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు సాయంత్రం పూట కరెంటు పోవడం మామూలే. ఒక రోజు కరెంటు పోగానే, అంతకుముందే నేను దాచిపెట్టిన రూపాయి బిళ్ల గురించి చెప్పి, ఒక చీపురు, ఒక టార్చిలైటు ముగ్గురికీ కలిపి ఇచ్చాను. ఇల్లంతా ఊడ్చారు. బీరువా కింద, బియ్యం డ్రమ్ము వెనక, చాపల మధ్య వెదికారు. దొరికినప్పుడు వేసిన కేక పక్కింటికి వినిపించింది. నేను వాక్యం ఇంకా చెప్పనే లేదు. మా చిన్నది తానే అడిగింది, "అమ్మా, నీ దగ్గర ఇంకా రూపాయలు ఉన్నాయి కదా, ఈ ఒక్కదాని కోసం ఎందుకు ఇంతసేపు వెదికించావు?" అని. ఆ ఉపమానం మీద నేను విన్న ప్రసంగాలన్నీ ఆ ప్రశ్న చుట్టూ తిరిగేవే. అప్పుడు బైబిలు తెరిచి మూడు వచనాలు చదివాను, అంతే. ఆ రాత్రి ప్రార్థన అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఇప్పుడు ఇన్వర్టర్లు వచ్చాయి కాబట్టి కరెంటు పోయేదాకా ఆగనవసరం లేదు, లైట్లు ఆర్పితే చాలు. మీ పాపకు చీకటి భయమైతే ఆమె చేతికే టార్చి ఇవ్వండి.

రెండవది కొలతలు. మన తెలుగు బైబిలులో నోవహు ఓడ పొడవు మూడు వందల మూరలు, వెడల్పు ఏభై, ఎత్తు ముప్పై. మూర అంటే మోచేతి నుండి వేలి కొన వరకు, పెద్దవారి చేతితో దాదాపు అడుగున్నర. ఇంగ్లీషు మీడియం పిల్లలకు మూర అంటే తెలియదు కానీ, పూలు అమ్మే ఆమె చేతితో కొలిచి ఇవ్వడం వారు చూసే ఉంటారు, అక్కడినుండి మొదలుపెట్టండి. దావీదుతో తలపడిన గొల్యాతు ఆరు మూళ్ల జానెడు మనిషి, అంటే సుమారు తొమ్మిది అడుగుల తొమ్మిది అంగుళాలు. మా గోడ మీద సుద్దముక్కతో కొలిచి గీస్తే ఆ గీత పైకప్పుకు మూడు వేళ్ల దూరంలో ఆగింది. దాని పక్కన మా రెండోవాణ్ణి నిలబెట్టి వాడి ఎత్తు కూడా గీశాము. వాడు చాలాసేపు పైకి చూసి, "దావీదు ఎంత ఎత్తు?" అని అడిగాడు. బైబిలులో అది రాయలేదని చెప్పాను. వాడు వెళ్లి తన మూరతో మళ్లీ కొలుచుకున్నాడు. వాడి చేతి కొలతకు గొల్యాతు వాళ్ల తాతయ్యకన్నా కాస్త పొడుగు మనిషి, అంతే. అది తప్పు కొలత అని నేను దిద్దలేదు. మరుసటి రోజు వాడే వచ్చి నాన్న చేతితో కొలవాలి కదా అని దిద్దుకున్నాడు. ఆ సుద్ద గీతలను సున్నం వేసే వరకు చెరపలేదు, వచ్చిన చుట్టాలందరికీ గొల్యాతు కథను వాడే చెప్పాడు. తొమ్మిదేళ్ల మీ బాబుకు ఇది బాగా సరిపోతుంది. మూడు వందల మూరల ఓడను మాత్రం వీధిలోనే కొలవాలి, ఊలుదారం ఒక ఉండ సరిపోదు.

మూడవది నేను ఎక్కువ ఇష్టపడేది, వంటింట్లో బియ్యం. మన సంఘాలలో పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టే అలవాటు పాతది. అన్నం వండే ప్రతిసారీ ఒక పిడికెడు వేరే డబ్బాలో వేసి, నెలకోసారి గుడికి గానీ అవసరంలో ఉన్నవారికి గానీ ఇస్తారు. మా అత్తగారు ఆ పని నిశ్శబ్దంగా చేసేవారు. నేను ఆ పిడికిలిని పిల్లల చేతికి మార్చాను. పిడికిలి ఎవరిది అన్నదానిమీద కొలత మారుతుంది, నాలుగేళ్ల పిల్ల పిడికెడు చాలా తక్కువ. అయినా ఆమె పిడికెడే లెక్క. కొన్నాళ్లకు తప్పకుండా అడుగుతారు, ఎవరికి, ఎందుకు అని. అప్పుడు రూతు కథ చెప్పండి. రూతు గ్రంథం 2వ అధ్యాయంలో ఆమె బోయజు పొలంలో పరిగె ఏరుకుంటుంది. పరిగె అన్న మాట మా తరానికి వివరించనక్కరలేదు, కోతలయ్యాక రాలిన కంకులు ఏరుకున్న చేతులు మావి. ఇప్పుడు యంత్రంతో కోస్తున్నారు కాబట్టి డెల్టా ఊళ్లలో పిల్లలకు కూడా ఆ మాట తెలియడం లేదు. అందుకని ఒక శనివారం మేడమీద చాప పరిచి, ఒక గుప్పెడు ధాన్యం గానీ శనగలు గానీ చల్లి, ఏరమనండి. నడుము నొప్పి పుట్టాక లేవీయకాండము 19:9, 10 చదవండి, పొలం అంచుల దాకా కోయకూడదు, రాలినది ఏరుకోకూడదు, అది బీదలకు, పరదేశులకు విడిచిపెట్టాలి అన్న ఆజ్ఞ. ఏరే చేతికే ఆ ఆజ్ఞ అర్థమవుతుంది. సాయంత్రానికి రూతుకు దాదాపు తూమెడు యవలు వచ్చాయని ఉంది. తూము అంటే ఎంతో అమ్మమ్మకో నాయనమ్మకో ఫోన్ చేసి అడగమనండి. విదేశాల్లో ఉన్న నా మేనకోడలు తన పిల్లలచేత ఇలాగే వీడియో కాల్లో అడిగిస్తుంది. తూము దగ్గర మొదలైన మాట అమ్మమ్మ చిన్నతనంలో గుడి ఎలా ఉండేది, ఆమె బాప్తిస్మం ఎప్పుడు తీసుకుంది అన్నదాకా వెళ్లిందట. ఇంటి పెద్దల సాక్ష్యం పిల్లలకు చేరడానికి ఇంతకన్నా సులువైన దారి నాకు కనిపించలేదు.

కంఠత వాక్యాలు మరిచిపోతున్నారని రాశారు. నా అనుభవంలో మరిచిపోయేది వాక్యం కాదు, దానిని చెప్పవలసిన సందర్భం. ఒక వాక్యానికి ఒక పనిని ముడివేయండి, ఆ పని చేసినప్పుడల్లా ఆ వాక్యం వస్తుంది. టార్చి వేసినప్పుడు "నీ వాక్యము నా పాదములకు దీపమును నా త్రోవకు వెలుగునై యున్నది." ఇంటికి తాళం వేసి బడికి బయలుదేరేటప్పుడు 121వ కీర్తన చివరి వచనం, రాకపోకలయందు కాపాడుతాడు అన్నది. 23వ కీర్తన ఆరు వచనాలే కాబట్టి వారానికి ఒకటి చొప్పున నెలన్నరలో మొత్తం వస్తుంది. మా ఇంట్లో దాన్ని మెట్లెక్కుతూ నేర్చుకున్నారు, ఒక్కో మెట్టుకు ఒక్కో మాట. మన బైబిలు భాష పిల్లలకు కష్టమే. త్రోవ, లేమి, వెదకుడి వంటి మాటలు వారి బడిలో వినబడవు. నేను కథను ముందు మన మాటల్లో చెబుతాను, ఆ తర్వాత ఒకే ఒక్క వచనం పాత భాషలో చదువుతాను. "నాకు లేమి కలుగదు" అన్న దానిలోని బరువును వాడుకమాటలో పెట్టడం నాకు చేతకాలేదు, కాబట్టి లేమి అంటే ఏమిటో వివరించి ఆ మాటనే ఉంచాను.

పండుగల విషయంలో రెండే చెబుతాను. సంఘ సంవత్సరమే పిల్లలచేత ప్రశ్నలు అడిగిస్తుంది, మనం ఆ అవకాశాన్ని బట్టలకు, కేకులకు ఖర్చుపెడుతున్నాం. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల వారంలో గురువారం రాత్రి మా ఇంట్లో పెద్దవాళ్లు పిల్లల కాళ్లు కడుగుతారు. పళ్లెం, చెంబు, తువాలు, అంతే. మా వారు మొదటిసారి నేలమీద మోకరించి మా పెద్దవాడి కాళ్లు పట్టుకున్నప్పుడు వాడు కాళ్లు వెనక్కి లాక్కున్నాడు, "వద్దు నాన్నా, నువ్వెందుకు" అని. యోహాను 13వ అధ్యాయంలో యేసు తన కాళ్లు కడగబోతే పేతురు అన్నది కూడా అదే. ఆ సంగతి వాడికి మేము చెప్పనక్కరలేకపోయింది, చదువుతుంటే వాడే తలెత్తి చూశాడు. మీ వారికి ఆ రాత్రి షిఫ్టు ఉంటే తెల్లవారి వచ్చాక చేయవచ్చు, ఆ సమయానికి ఏ పట్టింపూ లేదు. రెండవది నవంబరులో సమాధుల పండుగ. సున్నం వేయడానికి, కొవ్వొత్తులు వెలిగించడానికి పిల్లలను వెంట తీసుకువెళ్లండి. వారు భయపడతారని ఇంట్లో వదిలి వెళ్లేవారిని చూశాను. మరణం గురించి, పునరుత్థానం గురించి పిల్లవాడు అడగగలిగిన ప్రశ్నలన్నీ అక్కడే, పెద్దలందరి మధ్య, పూలు చేతిలో పట్టుకుని అడగడం మంచిది. ఆ ప్రశ్నలు మొదటిసారి ఆసుపత్రి వరండాలో రావలసిన అవసరం లేదు.

ఇప్పుడు జాగ్రత్తలు. ఇవి నా తప్పులనుండి నేర్చుకున్నవి కాబట్టి దయచేసి కాస్త శ్రద్ధగా చదవండి.

వాక్యాన్ని శిక్షగా వాడవద్దు. మా పెద్దవాడు తొమ్మిదేళ్లప్పుడు మార్కుల విషయంలో అబద్ధం చెప్పాడు. నేను కోపంతో పది ఆజ్ఞలను ఇరవైసార్లు రాయించాను. వాడు రాశాడు. ఇరవై మూడేళ్ల వయసులో ఒక రోజు మామూలుగా మాట్లాడుతూ, నిర్గమకాండము 20వ అధ్యాయం తెరిస్తే ఇప్పటికీ వేళ్లు నొప్పి పుట్టినట్టు ఉంటుంది అమ్మా అన్నాడు. నేను క్షమాపణ అడిగాను, వాడు క్షమించాడు. కానీ ఆ పేజీని వాడికి నేనే పాడుచేశాను. ఎఫెసీయులకు 6:4లో పిల్లలకు కోపము రేపవద్దని చెప్పిన తర్వాతే ప్రభువు శిక్షలో, అంటే క్రమశిక్షణలో, బోధలో పెంచమని ఉంది. ఆ వరుసను నేను గమనించలేదు.

నాలుగేళ్ల పాప మాటలను ఉన్నదున్నట్టుగా తీసుకుంటుంది. యేసయ్య నీ హృదయంలో ఉన్నాడని చెబితే, డాక్టరు గారి గొట్టానికి వినబడతాడా అని మా తరగతిలో ఒక పాప అడిగింది. ఆ వయసుకు యేసయ్య నిన్ను ప్రేమిస్తాడు, నిన్ను చూస్తాడు, నీ మాట వింటాడు అన్నవి చాలు. అబ్రాహాము ఇస్సాకును మోరీయా కొండకు తీసుకువెళ్లిన కథను, ఐగుప్తులో తొలిచూలు పిల్లల కథను ఆమెకు ఇప్పుడు వివరంగా చెప్పవద్దు. ఆమె తనను తాను ఇస్సాకు చోట పెట్టుకుంటుంది. నరకం మాట చెప్పి అన్నం తినిపించడం, నిద్రపుచ్చడం మన ఇళ్లలో ఇంకా ఉంది. భయంతో వచ్చిన ప్రార్థన భయం పోగానే పోతుంది.

పొరుగువారి విషయం మరింత సున్నితమైనది. మా రెండోవాడు ఆరేళ్లప్పుడు పక్కింటి ఆమె వినాయక చవితికి పళ్లెంతో వస్తే, ఇది తింటే పాపం అని ఆమె ముఖం మీదే అన్నాడు. మా బిడ్డలకు జ్వరం వస్తే రాత్రంతా కూర్చున్న మనిషి ఆమె. ప్రసాదం తీసుకోవాలా వద్దా అన్నదానిలో మన సంఘాల మధ్యనే భేదాలున్నాయి, మొదటి కొరింథీయులకు 8, 10 అధ్యాయాలు చదివి మీ ఇంటి నిర్ణయం మీరు తీసుకోండి. కానీ ఏ నిర్ణయమైనా ఇంకొకరిని చిన్నబుచ్చకుండా ఎలా చెప్పాలో ముందే ఇంట్లో నేర్పాలి. ఆ సాయంత్రం నేను వాణ్ణి వెంటబెట్టుకుని వారింటికి వెళ్లాను. క్రిస్మస్‌కు పిండివంటల పళ్లెం ఆ ఇంటికి వాడే మోసుకువెళ్లాలని అప్పటినుండి నియమం పెట్టాను. పొరుగువాణ్ణి ప్రేమించడం అన్న పాఠానికి ఆ పది అడుగుల దూరమే మా తరగతి గది అయింది.

బహుమతుల గురించి ఒక్క మాట. సండే స్కూల్లో, సెలవుల బైబిలు తరగతుల్లో మేము బహుమతులిస్తాం, పిల్లలు ఎక్కువమంది ఉంటారు కాబట్టి అది కొంత అవసరం. ఇంట్లో అన్నా చెల్లెళ్ల మధ్య వద్దు. ఓడినవారికి ఆ వచనం మీద మనసు విరుగుతుంది.

మీ వారు ఇంట్లో ఉండకపోవడం గురించి మీరు పదేపదే రాశారు, దిగులుపడుతున్నారని అర్థమైంది. పౌలుకు శిష్యుడైన తిమోతి తండ్రి గ్రీసుదేశస్థుడని అపొస్తలుల కార్యములు 16:1 చెబుతుంది, అతని విశ్వాసం గురించి మాటైనా లేదు. పౌలు పేరు పెట్టి గుర్తు చేసుకున్నది అవ్వయైన లోయిని, తల్లియైన యునీకేను. కాబట్టి మీరు ఒక్కరే చేసినా అది సగం పని కాదు. అయినా మీ వారు విశ్వాసులే, ఇష్టపడేవారే కాబట్టి ఒకటి చేయవచ్చు. బాబు అడిగిన ప్రశ్నలలో ఒకదానికి మీరు జవాబు చెప్పకుండా, ఇది నాన్నను అడుగుదాం అని ఆపి, ఆయన షిఫ్టు మధ్యలో రికార్డు చేసి పంపిన మాటను తెల్లవారి వినిపించండి. తండ్రి గొంతులో రెండు నిమిషాల జవాబు చాలు.

ఇక మీరు చివర్లో అడిగిన ప్రశ్న, పిల్లలు ప్రార్థించినది జరగకపోతే ఏమి చెప్పాలి అన్నది. దీనికి నా దగ్గర సులువైన జవాబు లేదు, జరిగినది చెబుతాను. మా అమ్మాయికి ఎనిమిదేళ్లప్పుడు మా మామగారు జబ్బుపడ్డారు. ఆమె ప్రార్థన పుస్తకంలో ఎడమవైపు అడిగినవి, కుడివైపు జవాబు వచ్చినవి రాసుకునేది. నలభై రోజులు ప్రతి రాత్రీ తాతయ్య పేరు రాసింది. ఆయన ప్రభువునందు నిద్రించారు. చావింటికి వచ్చిన ఒక బంధువు, దేవుడు మంచివారిని త్వరగా తీసుకువెళతాడమ్మా అని ఆమెను ఓదార్చారు. ఆ తర్వాత కొన్ని వారాలు ఆ పిల్ల కావాలని మొండిగా ప్రవర్తించింది, పని చెబితే చేసేది కాదు, ప్రార్థనకు రాలేదు. ఒక రాత్రి నా పక్కన పడుకుని, "నేను మంచిగా ఉంటే నన్ను కూడా తీసుకెళ్లిపోతాడా?" అని అడిగింది.

నేను ఆ రాత్రి చెప్పగలిగినది మూడే మాటలు. అది నిజం కాదు. తాతయ్యను ఎందుకు బాగుచేయలేదో నాకు తెలియదు. నాకు కూడా ఏడుపు వస్తోంది. యోహాను 11వ అధ్యాయం మరుసటి రోజు చదివాము. చనిపోయిన లాజరును లేపబోతున్నానని యేసుకు తెలుసు, అయినా "యేసు కన్నీళ్లు విడిచెను" అని ఉంది. మరి తెలిసి కూడా ఎందుకు ఏడ్చాడని ఆమే అడిగింది. ఆ ప్రశ్న మీద మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం, ఇప్పటికీ అప్పుడప్పుడు మాట్లాడుకుంటాం. ప్రార్థన పుస్తకంలో కుడివైపు గడిని ఆమె ఖాళీగానే ఉంచింది, నేను ఏమీ రాయించలేదు. జవాబు రాని ప్రార్థనలకు మీరు జవాబు తయారుచేసి పెట్టవద్దు. పెద్దవాళ్లు కల్పించిన కారణాన్ని పిల్లలు దేవుని మాటగా తీసుకుంటారు.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, మీ శనివారం నుండే. మీ ఇంట్లో ఆదివారం ఇడ్లీ అని రాశారు కదా. శనివారం సాయంత్రం రుబ్బిన పిండిలో చెంచాడు పాత పులుపు పిండిని మీ పాప చేత కలిపించండి. గిన్నె మీద ఎంతవరకు ఉందో బాబు చేత గీత గీయించి మూత పెట్టండి, ఇంకేమీ చెప్పవద్దు. తెల్లవారి మీ వారు ఇంటికి వచ్చాక నలుగురూ కలిసి మూత తీయండి. పిండి గీత దాటి పొంగి ఉంటుంది, రాత్రంతా ఎవరూ ఏమీ చేయలేదు కదా అని ఇద్దరిలో ఒకరు తప్పకుండా అడుగుతారు. అడగకపోతే ఆ వారానికి వదిలేయండి, ఇడ్లీ పెట్టి గుడికి వెళ్లండి. అడిగితే మత్తయి 13:33 ఒక్క వచనం చదవండి, ఒక స్త్రీ మూడు కుంచముల పిండిలో దాచిపెట్టిన పుల్లని పిండి ఉపమానం. మీ బాబు చురుకైనవాడిలా ఉన్నాడు, మరి పస్కాలో పులిసినది తినకూడదన్నారు కదా, పరిసయ్యుల పులిసిన పిండిని గూర్చి యేసు జాగ్రత్తపడమన్నాడు కదా అని తర్వాత ఎప్పుడైనా అడగవచ్చు. అడిగితే మంచి ప్రశ్న అని చెప్పి, మత్తయి 16వ అధ్యాయాన్ని వచ్చే శనివారానికి ఉంచుకోండి.